నేను మెడపట్టీ వేసిన గీత కార్మికుడు

ఫిజియోథెరపీ చదివే పిల్లలు కలిసినప్పుడల్లా "మేడం, మీ సర్వీసులో గొప్ప కేసు ఒకటి చెప్పండి" అని అడుగుతుంటారు. గొప్ప కేసులు నా దగ్గర లేవు. ఒక తప్పు ఉంది. దాన్ని దిద్దుకోవడానికి పడ్డ పాట్లు ఉన్నాయి. మీకు పనికొచ్చేది అదే కాబట్టి అదే రాస్తున్నాను.

బోధన్ వైపు ఒక ఆసుపత్రిలో చాలా ఏళ్లు పనిచేశాను. దాని పేరు చెప్పను. అక్కడివాళ్లు చదివితే ఎలాగూ గుర్తుపడతారు, మిగతావాళ్లకు అక్కర్లేదు. ఇల్లు నిజామాబాద్‌లో. పొద్దున ఎనిమిది గంటల బస్సుకు పోవడం, సాయంత్రం అయిదున్నర బస్సుకు రావడం. మందులిచ్చే కిటికీ వెనక నా గది. రెండు బల్లలు, మెడ లాగే యంత్రం, నడుము లాగే యంత్రం, గోడకు ఎముకల బొమ్మ. బీడీలు చుట్టే ఆడవాళ్లు మెడ నొప్పులతో వచ్చేవారు, చెరుకు నరికేవాళ్లు నడుము నొప్పులతో వచ్చేవారు. పొద్దంతా లాగడమే పని. నన్ను "లాగుడు మేడం" అనేవారు. ఆ పేరు వింటే మొదట్లో కోపం వచ్చేది, తర్వాత అలవాటైపోయింది.

తల తిరుగుతుందని వచ్చినవాళ్లనూ నా గదికే పంపేవారు. ఎందుకంటే నలభై దాటిన ఎవరికి ఎక్స్‌రే తీసినా మెడ ఎముక ఎంతో కొంత అరిగి కనిపిస్తుంది. ఎముక అరిగింది, తల తిరుగుతోంది, కాబట్టి అరగడం వల్లే తిరుగుతోంది. ఈ తర్కం ఎవరు కనిపెట్టారో గానీ దాని నీడన మేమంతా హాయిగా ఉద్యోగాలు చేసుకున్నాం. "మెడ లాగుడు పది రోజులు, మెడపట్టీ" అని చీటీ వచ్చేది. నేను లాగి, పట్టీ వేసి పంపేదాన్ని. ఎందుకని ఒక్కరోజూ అడగలేదు.

ఒక చలికాలం మొదట్లో ఆ గీత కార్మికుడు వచ్చాడు. నలభై అయిదేళ్లుంటాయి. చెట్టు రాసుకుని రొమ్ము మీద, ముంజేతుల లోపలి వైపు చర్మం గట్టిపడి ఉంది. వెంట భార్య. వాళ్లది బోధన్ అవతల చెరుకు తోటల మధ్య ఊరు. చీటీ మీద డ్యూటీ డాక్టరు రెండు ముక్కలు రాశాడు: మెడ అరుగుదల, కల్లు అలవాటు.

ఆ రెండో ముక్క గురించి చెప్పాలి. మా వైపు కొన్నిచోట్ల కల్లులో మత్తుమందు కలిపి అమ్మేవారు. దానికి అలవాటు పడిన మనిషికి ఒక్కపూట దొరక్కపోతే వణుకు, తూలుడు. అలాంటివాళ్లు ఓపీ నిండా వచ్చే రోజులవి. అందుకని తూలుతూ వచ్చిన మనిషి దగ్గర కల్లు వాసన తగిలిందంటే డాక్టరు ఇంకేమీ అడిగేవాడు కాదు. ఇతని దగ్గర వాసన వచ్చింది. నాకూ వచ్చింది.

"ఎంత తాగుతవ్ అన్నా?" అని అడిగాను.

భార్యే జవాబిచ్చింది. "గీసేటోడు మేడం. లొట్టి దించుతుంటె మీద ఒలుకుతది. వాసన రాకుంట ఎట్లుంటది? తాగెటోడైతె ఇన్నేండ్లు చెట్టెక్కుతుండెనా?"

"తాగెటోళ్లంత గిదే చెప్తరు," అన్నాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అప్పుడు అతను మెల్లగా చెప్పాడు. "చెట్టు కింద నిలవడి పైకి సూస్తె చెట్టే తిరుగుతది మేడం. కిందికి సూస్తె ఏం లేదు. పండుకున్నప్పుడు ఎడమ దిక్కు ఒరిగితె ఇల్లంత తిరుగుతది. జరసేపే. మల్ల మంచిగనే ఉంట."

జబ్బు మొత్తం ఆ నాలుగు మాటల్లోనే ఉంది. ఇవాళ రెండో ఏడాది విద్యార్థి కూడా వింటే పట్టేస్తుంది. నేను విన్నాను, అతని మెడకు సరిపోయే పట్టీ కోసం బీరువాలో వెతికాను.

పది రోజులు వచ్చాడు. పదకొండో రోజు "ఎట్లుంది అన్నా" అంటే, "తిరుగుడు బందైంది మేడం" అన్నాడు. బందు కాక ఏమవుతుంది? మెడపట్టీ వేసుకున్న మనిషి పైకి చూడలేడు, పక్కకు ఒరగలేడు. తల కదిలితే వచ్చే జబ్బు, తలను కట్టేస్తే రాదు. నేను అది నా చేతి చలవ అనుకుని, కార్డు మీద "నయమైంది" అని రాసి సంతకం చేశాను.

ఆ ఊళ్లో తాటిచెట్లను కల్లు సంఘం పంచుతుంది. ఎక్కలేని మనిషి చెట్లు, ఎక్కగలిగినవాడికి పోతాయి. అందులో దయాదాక్షిణ్యాలకు చోటు లేదు, చెట్టు గీయకుండా వదిలేస్తే పాడవుతుంది. అతనికి వచ్చిన చెట్లు వాళ్ల బాపు గీసినవి. తల తిరుగుతుందన్న సంగతి సంఘానికి తెలియకముందే నయం చేసుకుని ఎక్కాలని అతని ఆరాటం. నా కార్డు చేతికి రాగానే పట్టీ తీసేసి మూడో రోజు చెట్టెక్కాడు. సగం దాకా వెళ్లి, మట్ట ఇంకెంత దూరమో చూద్దామని తల ఎత్తాడు. చెట్టు తిరిగింది, చేతులు వదిలేశాడు. నడుముకు, చెట్టుకు కలిపి కట్టుకునే మోకు ఉంది కాబట్టి మానును గుద్దుకుంటూ జారి కింద పడ్డాడు. గడ్డం చీలింది, రొమ్ము చెక్కుకుపోయింది, మడమ బెణికింది. ప్రాణం మిగిలింది.

ఇదంతా వారం తర్వాత అతని భార్య వచ్చి చెబితే తెలిసింది. మెడపట్టీ తెచ్చి నా బల్ల మీద పెట్టింది. అరవలేదు, తిట్టలేదు.

"నయమైందని మీరు రాసిచ్చిండ్రు. గా కాయితం నమ్మి ఎక్కిండు," అంది. "ఇప్పుడు సంఘపోళ్లు తాగి పడ్డడంటున్నరు. పుష్యం ఎల్లేదాక సూస్తరట. గంతల ఎక్కకుంటె చెట్లు ఇంకోనికి ఇస్తరట. గట్లయితె ఆయన మంచం మీదికెళ్లి లెవ్వడు మేడం, నాకు తెలుసు."

ఏదో ఒకటి చెప్పి పంపేయొచ్చు. డాక్టరు రాసిందే నేను చేశానని చెప్పొచ్చు, అది నిజం కూడా. కానీ సంతకం నాది. "నాకు కొన్ని రోజులు టైమియ్యి చెల్లె, సంగతేందో తేలుస్త" అన్నాను. ఆమెకు నమ్మకం కలగలేదు, కలుగుతుందని నేనూ అనుకోలేదు.

మరుసటి సెలవు రోజున నిజామాబాద్‌లో ఒక పెద్ద వయసు చెవి డాక్టరు దగ్గరికి వెళ్లి, రోగులంతా అయిపోయేదాకా కూర్చుని, జరిగింది ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన మందలించలేదు. ఒకటే అడిగాడు. "తల తిరుగుతుందన్న మనిషి కళ్లు ఎప్పుడైనా చూశావా అమ్మా?"

లేదు. అన్నేళ్లూ నేను ఎక్స్‌రేలే చూశాను.

ఆయన చెప్పింది ఇంత. చెవి లోపల సున్నపు రవ్వలుంటాయి, చక్కెర పలుకు కంటే ఎంతో సన్నవి. అవి ఒక్కోసారి తమ చోటు నుంచి ఊడి, తల ఎటు తిరిగిందో కనిపెట్టే సన్న గొట్టంలోకి జారతాయి. తల వెనక్కి వాల్చినా, పక్కకు ఒరిగినా అందులో కదులుతాయి. మెదడుకు తప్పుడు కబురు పోతుంది, కాసేపు లోకం గిర్రున తిరుగుతుంది. మందుకు అవి కరగవు. తలను ఒక వరసలో తిప్పి, వచ్చిన దారినే వెనక్కి పంపాలి. అది అవునో కాదో తెలుసుకోవాలంటే మనిషిని కూర్చోబెట్టి, తల ఒక పక్కకు తిప్పి, చటుక్కున వెనక్కి పడుకోబెట్టి, తల బల్ల అంచు కిందికి వేలాడేలా పట్టుకుని, కళ్లు చూడాలి. ఆ చెవిలో రవ్వలుంటే కొన్ని క్షణాలాగి కళ్లు వాటంతటవే కొట్టుకోవడం మొదలవుతుంది. ముందు నన్నే బల్ల మీద పడుకోబెట్టి తల వేలాడదీసి చూపించాడు. ఆ తర్వాత ఆయన తలను నాతో పట్టించాడు.

వారం రోజులు మధ్యాహ్నం భోజనాల వేళ మా సిబ్బంది తలలన్నీ వేలాడదీశాను. మందులిచ్చే ఆయన దొరికాడు, ల్యాబ్ అమ్మాయి దొరికింది. ఆయమ్మ మాత్రం "తిన్నదంత పైకొస్తుంది, ఇగ నన్ను ఇడిసిపెట్టు మేడం" అని నా గది ముందు నుంచి నడవడమే మానేసింది. చేయి కుదిరాక, రిజిస్టరులో ఉన్న నంబరుకు ఫోన్ చేసి అతన్ని రమ్మన్నాను. మూడుసార్లు చేస్తే గానీ భార్య ఒప్పుకోలేదు.

వచ్చిన రోజు డ్యూటీ డాక్టరును కూడా పిలిచాను. అక్కడే నా గొప్ప బయటపడింది. కుడి పక్క చూశాను, ఏమీ లేదు. ఎడమ పక్క చూశాను, ఏమీ లేదు. కళ్లు నిశ్చలంగా కప్పును చూస్తున్నాయి.

"చూసిన్రా మేడం? కల్లు మానితే అదే తగ్గుతది. మీకెందుకు ఈ తిప్పలు?" అన్నాడు డాక్టరు. చెడ్డవాడు కాదు, కుర్రవాడు, రోజుకు వందమందిని చూసి అలసిపోయినవాడు. కానీ ఆ మాట రోగి ముందే అన్నాడు. అతను బల్ల దిగి లుంగీ సర్దుకుంటూ, "ఇగ ఏం లేదా మేడం?" అని అడిగాడు. వాళ్ల వెంట వరండాలోకి నడిచాను.

వరండాలో భార్య సంచిలోంచి నీళ్ల సీసా తీసి, దాంతోపాటు గోలీల పట్టీ ఒకటి తీసింది.

"అదేం గోలీ చెల్లె?"

"మా ఊరి ఆర్ఎంపీ ఇచ్చిండు. బస్సుల వాంతులైతయని దవఖానకొచ్చేటప్పుడు రెండేసుకుంటడు. పోయేటప్పుడు ఇంకొకటి. మీ గదిల గలీజు చేస్తె మంచిగుండదని ఆయనే అంటడు."

ఆ పట్టీ తీసుకుని చూశాను. తల తిరుగుడును అణిచే మందు. కళ్ల కదలికనూ అణుస్తుంది. నా దగ్గరికి వచ్చిన ప్రతిసారీ ఆ మనిషి మర్యాద కోసం తన జబ్బును ఇంట్లో దాచిపెట్టి వచ్చాడు. మేమేమో అతన్ని తాగుబోతు అన్నాం.

"రెండు మూడు రోజులు గోలీలు ముట్టకు అన్నా. బస్సు ఎక్కకు. నేనే వస్త," అన్నాను. డాక్టరు విని, "అది మన డ్యూటీ కాదు మేడం" అన్నాడు. "ఆదివారం నాది సర్," అన్నాను. శనివారం నిజామాబాద్ చెవి డాక్టరుకు ఫోన్ చేసి మరోసారి అడిగాను. మాట తడబడిందా, చేయి కాలు లాగేసిందా, ఒకటి రెండుగా కనిపించిందా అని ఆయన ఒక్కొక్కటే అడిగాడు. ఇవేవీ లేవన్నాకే సరేనన్నాడు. మీరు కూడా ఇవి అడగకుండా ఎవరి తలా పట్టుకోవద్దు. వీటిలో ఏది ఉన్నా జబ్బు మెదడులో ఉండొచ్చు, ఆ మనిషి చేరాల్సిన చోటు వేరు, అదీ వెంటనే.

ఆదివారం పొద్దున వెళ్లేసరికి అతను గోడకు ఆనుకుని కదలకుండా కూర్చున్నాడు. గోలీ మానేసి మూడో రోజు, మొహం పీక్కుపోయింది. అరుగు మీద ఇంకొక మనిషి ఉన్నాడు, డెబ్బై ఏళ్లు దాటిన కల్లు సంఘం పెద్ద. నేను వస్తున్నానని విని తనే వచ్చాడట.

"ఎక్కుతడా, ఎక్కడా? గది చెప్పు బిడ్డా. మాకు గదే కావాలె," అన్నాడు.

"ముందు సూడనియ్యి బాపు," అన్నాను.

నులక మంచం వాకిట్లో వెలుతురులో వేయించాను. మంచం పట్టె మెడకు ఒత్తుకోకుండా గొంగడి మడిచి పెట్టాం. నా ఫోన్‌లో వీడియో పెట్టి భార్య చేతికిచ్చి, ఆయన కళ్ల మీదికి పట్టుకొమ్మన్నాను. కుడి పక్క తిప్పి పడుకోబెట్టాను. ఏమీ లేదు. పెద్దాయన అరుగు మీద దగ్గాడు. లేపి కూర్చోబెట్టి, కాసేపాగి, ఎడమ పక్కకు తిప్పి వెనక్కి వాల్చాను. మనసులో లెక్కపెట్టుకుంటున్నాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. అయిదు అనుకునేలోపు అతని చేయి వచ్చి నా మణికట్టును బిగించింది.

"పడ్తున్న. పట్టుకోండ్రి, పడ్తున్న."

"పట్టుకునే ఉన్న అన్నా. కండ్లు మూయకు. నా మొఖం సూడు."

కళ్లు తెరిచాడు. రెండు నల్లగుడ్లూ నుదుటి వైపుకు, ఎడమ చెవి వైపుకు మెలి తిరుగుతూ టకటకా కొట్టుకుంటున్నాయి. పుస్తకంలో బొమ్మగా కూడా నేనంత స్పష్టంగా చూడలేదు. ఎందుకో నాకు ముందు భయమేసింది, ఆ వెంటనే పట్టరాని సంతోషం వేసింది.

భార్య ఫోన్ దించేసి నేరుగా అతని కళ్లలోకి చూస్తోంది. "గివి గిట్లెందుకు ఆడుతున్నయ్ మేడం?" అంది. నేను చెప్పేలోపే ఆమె గొంతు మారిపోయింది. "తాగితె గిట్ల ఆడయి గద. చెప్పుండ్రి మేడం, తాగితె గిట్ల ఆడయి గద."

"ఆడయి చెల్లె. ఇది చెవి జబ్బు."

ఆమె అరుగు వైపు తిరిగింది. "ఇటొచ్చి సూడు మామా," అంది. పెద్దాయన కర్ర పట్టుకుని లేచి వచ్చాడు, వంగి చూశాడు. చాలాసేపు అలాగే చూశాడు.

కళ్లు నెమ్మదించాక తలను మెల్లగా కుడి వైపుకు తిప్పాను, నిమిషం ఆపాను. తర్వాత మనిషి మొత్తాన్ని కుడి భుజం మీదికి తిప్పి, ముక్కు నేలను చూసేలా ఉంచాను, మళ్లీ నిమిషం. అప్పుడు కాళ్లు కిందికి వేయించి లేపాను. లేచీ లేవగానే వాంతి చేసుకున్నాడు. నా చీర మీద కూడా పడింది. అతను వాంతికన్నా దానికే ఎక్కువ బాధపడ్డాడు. రెండోసారి చేస్తే కళ్లు కొద్దిగా కదిలాయి. మూడోసారి ఎడమకు పడుకోబెట్టి, నిమిషం దాటినా నేను లెక్కపెడుతూనే ఉన్నాను. కళ్లు ఆకాశం వైపు చూస్తూ ఊరికే ఉన్నాయి.

"ఇల్లు ఆగింది," అన్నాడు అతను.

నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

పెద్దాయన మాత్రం తన ప్రశ్న మరచిపోలేదు. "రేపు ఎక్కుతడా?"

"ఎక్కడు. పదిహేను రోజులు సూడాలె. ఇంకోటి బాపు, ఇది మల్ల రావచ్చు. ఎప్పుడొస్తదో ఎవ్వలు చెప్పలేరు."

"మల్లొస్తదంటె చెట్టెట్ల ఇయ్యాలె బిడ్డా?"

న్యాయమైన ప్రశ్న. దాచితే ఆ రోజే పని అయిపోయేది. కానీ ఆ మనిషి విషయంలో మళ్లీ ఒట్టి సంతకం పెట్టదల్చుకోలేదు. అతని భార్యను పిలిచాను. "రోజు పొద్దున ఆయన చెట్టు మీదికి పోకముందు మంచం మీద ఇట్ల వాల్చి కండ్లు సూస్తవా? రెండు దిక్కుల, నిమిషం నిమిషం. ఆడితె ఆ రోజు చెట్టు లేదు. ఆడకుంటె పోతడు."

"నాకొస్తదా మేడం?"

"నాకొచ్చింది గద. నెల కింద నాకు గూడ రాదు."

మధ్యాహ్నం దాకా అక్కడే ఉండి నేర్పాను. మొదట నా తలనే ఆమె చేతిలో పెట్టాను. బీడీ ఆకు కత్తిరించి కత్తిరించి నిలకడ వచ్చిన చేతులు, మా సిబ్బందిలో ఎవరి చేతులూ అంత కుదురుగా లేవు. కళ్లు చూడటం, ఏ పక్కనో గుర్తుపట్టడం, తర్వాత తిప్పే వరస, అన్నీ ఫోన్‌లో వీడియో తీసుకుంది. పెద్దాయన చివరిదాకా కూర్చుని చూశాడు. వెళ్లేటప్పుడు, "పదిహేను రోజులు వాని చెట్లు మా ఇంటోళ్లు గీస్తరు. వానియి వానికే ఉంటయి" అని ఆమెతో చెప్పి వెళ్లాడు. తాగి పడ్డాడన్న మాట గురించి ఎత్తలేదు, కానీ ఆ మాట మళ్లీ ఊళ్లో వినిపించలేదని తర్వాత ఆమే చెప్పింది.

సోమవారం డాక్టరుకు వీడియో చూపించాను. మూడుసార్లు చూశాడు. తను రాసిన చీటీ తెప్పించి "కల్లు అలవాటు" అన్నదాన్ని పెన్నుతో కొట్టేసి, పక్కన తన సంతకం పెట్టాడు. తర్వాత తలుపు దగ్గరికి వేసి, "నాకూ నేర్పండి మేడం" అని తనే బల్ల మీద పడుకున్నాడు. ఆ ఏడాది నుంచి మా ఆసుపత్రిలో తల తిరుగుతుందన్న వాళ్ల ఎక్స్‌రే కంటే ముందు కళ్లు చూడటం మొదలైంది. మెడ లాగే యంత్రానికి కొంత విశ్రాంతి దొరికింది. దాన్ని తలుచుకుని, అంతకుముందు నేను ఊరికే లాగి పంపిన మెడలు ఎన్ని ఉంటాయో అనుకుంటే మాత్రం మనసు బాగుండదు. వాళ్లలో ఎందరో తిరిగి రాలేదు. నయమైంది కాబట్టే రాలేదనుకున్నాను అప్పట్లో.

పదిహేను రోజుల తర్వాత అతను చెట్టెక్కాడు. నన్ను రమ్మన్నారు గానీ వెళ్లలేదు. నేను చెట్టు కింద నిలబడితే అతనికి ఏం ధైర్యం? పొద్దున్నే మంచం దగ్గర ఉండే మనిషితో అతనికి ధైర్యం.

ఎండాకాలం వచ్చింది. తాటిచెట్లకు కల్లు బాగా పారే రోజులు. ఒక పొద్దున బోధన్ బస్సులో ఉండగా ఆమె నుంచి వీడియో వచ్చింది. చూశాను. ఎడమ పక్క, నాలుగైదు క్షణాల తర్వాత, కళ్లు పైకి మెలి తిరుగుతూ కొట్టుకుంటున్నాయి. వెనకాలే ఫోన్ వచ్చింది.

"ఎడమ దిక్కే మేడం. ఆయన ఏం లేదు, మంచిగనే ఉన్న అంటుండు. నేను సూసిన గద. రెండుసార్లు తిప్పిన. ఇప్పుడు ఆడుతలేవు. గని ఇయ్యాల ఎక్కనియ్య, రేపు మల్ల సూసినంకనే."

తప్పు వెతుకుదామని ఆ వీడియో మళ్లీ చూశాను. తల వాల్చిన తీరు, ఆగిన సమయం, చెప్పిన పక్క, ఒక్కటీ దిద్దాల్సింది లేదు.

"మంచిగ చేసినవ్ చెల్లె. మరి ఆయనేమంటుండు?"

"చెట్టు పొంగి పొర్లుతది, పోనియ్యి అని ఒకటే లొల్లి," అంది ఆమె. "మోకు మీద కూసున్న మేడం. నేను లేస్తె గద ఆయన పొయ్యేది."